కిస్మిస్ తిన్న కుక్కపిల్ల హుషారుగానే ఉంది, ఆగి చూడవచ్చా?

ఆగవద్దండీ. పరమాన్నం కోసం తీసిపెట్టిన కిస్మిస్ మీ ఆరు నెలల కుక్కపిల్ల గుప్పెడు తినేసిందనీ, గంట దాటినా గంతులేస్తూనే ఉందనీ రాశారు. ఆ గంతులను నమ్మకండి. ద్రాక్ష, కిస్మిస్ దెబ్బతీసేది మూత్రపిండాలను. వాంతులు ఒక రోజులోపు మొదలైనా, మూత్రపిండాలు చెడిన సంగతి తెలిసేసరికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఎన్ని తింటే ప్రమాదమో లెక్క కట్టలేం. ఒక కుక్క ఎక్కువ తిన్నా తట్టుకుంటుంది, మరొకటి కొద్దిపాటికే పడిపోతుంది.

విజయనగరంలోనే ఉన్నారు కాబట్టి ఇప్పుడే పశువైద్యునికి ఫోను చేయండి. దొరకకపోతే గరివిడి పశువైద్య కళాశాలలో అడగండి. డాక్టరు మందు ఇచ్చి కక్కించడం మొదటి రెండు గంటల్లో అయితేనే బాగా పనిచేస్తుంది. ఈలోపు ఉప్పునీళ్లు పట్టమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. పట్టకండి, ఒంట్లో ఉప్పు పెరిగితే మెదడుకే ముప్పు.

లక్షణాలు ఆలస్యంగా బయటపడటం ఎలా ఉంటుందో నేను శ్రీకాకుళంలో మా ఇంట్లోనే చూశాను. చుట్టాలు వచ్చిన రోజు ఉల్లికారం పెట్టిన వంకాయ కూర గిన్నెను మా టైగర్ పడదోసి, అడుగుదాకా నాకేసింది. ఆ రాత్రి హాయిగా పడుకుంది. మర్నాడూ మామూలే. వారం తిరగకముందే మెట్లెక్కడానికి ఆయాసపడసాగింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, మూత్రం గోధుమరంగుకు తిరిగింది. ఉల్లి కుక్క ఒంట్లోని ఎర్ర రక్తకణాలను పగలగొడుతుందని డాక్టరు చెప్పారు. ఉడికించినా ఆ గుణం పోదు, వెల్లుల్లి ఇంకా ఘాటు. టైగర్ కోలుకుంది గానీ, చాలా రోజులు పట్టింది.

చాక్లెట్ చెడ్డదని అందరికీ తెలుసు, నలుపు ఎక్కువైనకొద్దీ ప్రమాదం ఎక్కువ. మన వంటింట్లో ఎవరూ అనుమానించనిది చింతపండు. ద్రాక్షలో కీడు చేసేది టార్టారిక్ ఆమ్లమై ఉండవచ్చని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది, అది తిన్న కుక్కలకూ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మిగిలిన పులుసన్నం కుక్కకు పెట్టే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. అందులో ఉల్లీ, చింతపండూ రెండూ ఉంటాయి!

పలాస జీడిపప్పు గురించి కూడా అడిగారు. అది విషం కాదు, నేతిలో వేయించినవి మితిమీరితే క్లోమం వాచవచ్చు. దానికంటే మామిడి టెంకలకు, ఉడికిన కోడి ఎముకలకు భయపడండి. పేగులో ఇరుక్కుంటే ఆపరేషనే. చక్కెరకు బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం వేసిన చూయింగ్ గమ్ అయితే అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు కిస్మిస్ పొట్లం తీసుకెళ్లండి. ఎన్నింటికి తిన్నదో, పిల్ల బరువెంతో చెప్పండి. ఈ రోజు రక్తపరీక్ష బాగానే వచ్చినా, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షను రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ చూడమని మీరే అడగండి.