గేదె మాంసం ఎగుమతిలోకి దిగుతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ప్లాంటు ఎక్కడ పెట్టాలి, ఏ దేశానికి పంపాలి అని అడిగావు. ఆ రెండూ తర్వాత చూద్దాం. పశువు ఎక్కడి నుంచి, ఏ స్థితిలో నీ గేటు దగ్గరికి వస్తుందో ముందు తేల్చుకో. ఈ వ్యాపారంలో లాభమైనా నష్టమైనా చాలావరకు కత్తి పడకముందే ఖాయమైపోతుంది.

పెద్ద పశువుల మాంసంలో మన దేశం నుంచి ఎగుమతికి అనుమతి ఉన్నది ఎముక తీసేసిన గేదె, దున్న మాంసానికే. ఆవు, ఎద్దు, దూడ మాంసం నిషేధం. ఎముకతో ఉన్న గేదె మాంసమూ నిషేధమే. 2014-15లో 14.75 లక్షల టన్నులు పంపి 478 కోట్ల డాలర్లు తెచ్చుకున్నాం. 2023-24లో పోయింది దాదాపు 13 లక్షల టన్నులు, వచ్చింది 374 కోట్ల డాలర్లు. సరుకు తగ్గింది, సరే. టన్ను ధర కట్టి చూడు: 2014-15లో సుమారు 3,240 డాలర్లు, 2023-24లో 2,890. ఆ తొమ్మిదేళ్లలో టన్నుకు 350 డాలర్లు జారిపోయింది. నన్ను బాధపెట్టేది ఈ రెండో లెక్క.

మన సరుకు చౌక అని ఎగుమతిదారులు గర్వంగా చెప్పుకుంటారు. అందులో గర్వపడాల్సింది చాలా తక్కువ. గాలికుంటు వ్యాధి ఉన్న దేశం కాబట్టి మంచి ధర ఇచ్చే జపాన్, కొరియా, అమెరికా, యూరప్ మన పచ్చి మాంసాన్ని రానివ్వవు. మిగిలినవి వియత్నాం, మలేషియా, ఈజిప్టు, ఇండోనేషియా, ఇరాక్, గల్ఫ్ దేశాలు. మనకు వేరే గుమ్మం లేదన్న సంగతి అక్కడి కొనుగోలుదారుకు బాగా తెలుసు, బేరం అక్కడి నుంచే మొదలుపెడతాడు. బ్రెజిల్ సంగతి చూడు. దశాబ్దాల పాటు టీకాలు వేసుకుంటూ వచ్చి, రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో టీకా ఆపి, 2025 మేలో దేశం మొత్తానికీ ‘టీకా అవసరం లేకుండానే గాలికుంటు లేని దేశం’ అని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నుంచి గుర్తింపు తెచ్చుకుంది. మన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం 2019లో మొదలైంది. ఏడాదికి రెండుసార్లు ఉచితంగా టీకా, పశువు చెవికి 12 అంకెల పోగు, 2030 నాటికి గాలికుంటు లేకుండా చేయడం లక్ష్యం. అది నెరవేరేదాకా నువ్వు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. వ్యాధి ఉన్న దేశం నుంచి కూడా మాంసం భద్రంగా పంపడానికి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నియమావళిలోనే దారి ఉంది. టీకా పడిన పశువు కావాలి. కోతకు ముందు 30 రోజులు ఉన్న చోటికి 10 కిలోమీటర్ల లోపు వ్యాధి కనపడి ఉండకూడదు. కోతకు ముందూ తర్వాతా పశువైద్యుడి పరీక్ష జరగాలి. ఆపైన కార్కస్‌ను, అంటే తోలు, పేగులు తీసిన కళేబరాన్ని, 2 డిగ్రీల కన్నా ఎక్కువ ఉష్ణోగ్రతలో కనీసం 24 గంటలు ఉంచాలి, పీహెచ్ 6 కన్నా కిందికి దిగాలి, ఎముకా లింఫ్ గ్రంథులూ తీసేయాలి.

ఆ పీహెచ్ 6 అన్న అంకె దగ్గర కాస్త ఆగు. పీహెచ్ పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. బతికున్న పశువు కండలో పీహెచ్ 7 దగ్గర ఉంటుంది. కోసిన తర్వాత కండలో నిల్వ ఉన్న గ్లైకోజన్ అనే చక్కెర లాక్టిక్ ఆమ్లంగా మారి 5.5, 5.8 దాకా దిగుతుంది. ఆ పులుపుకు గాలికుంటు వైరస్ నిలవదు. కానీ ఎముక మూలుగలోకి, లింఫ్ గ్రంథుల్లోకి ఆ ఆమ్లం చేరదు, అక్కడ వైరస్ బతికే ఉంటుంది. అందుకే వాటిని తీసేయమనడం. ఇప్పుడు సంత నుంచి రాత్రంతా లారీలో కుక్కి, మేత నీళ్లు లేకుండా, కర్రలతో అదిలిస్తూ తెచ్చిన గేదెను ఊహించుకో. దాని గ్లైకోజన్ దారిలోనే ఖర్చయిపోయింది. 24 గంటలు కాదు, 48 గంటలు ఉంచినా పీహెచ్ 6 దాటి కిందికి రాదు. మాంసం నల్లగా, జిగటగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది. లారీలో పోగొట్టినదాన్ని ఏ మిషనూ తిరిగి ఇవ్వదు. రవాణా కూలీ మిగిలిందనుకుంటావు, కార్కస్ మొత్తం ఎగుమతికి పనికిరాకుండా పోతుంది.

కాబట్టి లారీలో ఒక్కో గేదెకు 2 చదరపు మీటర్ల చోటు ఇవ్వు. నిబంధనా అదే. నేల మీద వరిగడ్డి పరిపించు, జారి పడిన గేదెకు తొడ కండ నలిగి, ఆ కమిలిన భాగమంతా కోసి పారేయాల్సి వస్తుంది. లైరేజీలో, అంటే కోతకు ముందు పశువులను ఉంచే కొట్టంలో, నీడ, నీళ్లు, 24 గంటల విశ్రాంతి చూడు. అదీ 2001 కబేళా నియమాల్లో ఉన్నదే. అవే నియమాల ప్రకారం ఒక పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 పశువుల కన్నా ఎక్కువ పరీక్షించకూడదు. రోజుకు 300 కోసే లైను పెడితే నలుగురు డాక్టర్లు కావాలన్నమాట. ప్రాజెక్టు రిపోర్టులో ఆ జీతాలు ముందే రాసుకో.

పీహెచ్ చూడడానికి వెన్ను రెండు పక్కలా ఉండే పొడుగాటి కండ మధ్యలో ప్రోబ్ దింపాలి. రెండు పక్కలా చూడాలి, ఒకవైపు చూసి రెండోది ఊహించి రాయడం కుదరదు. షిఫ్టు మొదట్లో 7, 4 బఫర్ ద్రావణాలతో మీటరు సరిచూడాలి. గాజు మొనకు కొవ్వు పట్టిందంటే అంకె తప్పు చూపిస్తుంది, ప్రతి కొన్ని కార్కస్‌లకూ ఒకసారి తుడిపించు. 6 వచ్చినా, దాటినా ఆ కార్కస్‌కు వేరే ట్యాగు, వేలాడదీయడానికి వేరే కడ్డీ. కార్కస్‌లను చల్లబరిచే గది, అదే చిల్లర్, దాని సైజులో చాలామంది తప్పు చేస్తారు: రోజుకు 300 కోసే లైనుకు 200 కార్కస్‌ల చిల్లర్ కడతారు. అప్పుడు రెండే దారులు, కార్కస్‌లను ఒకదానికొకటి తగిలేలా ఇరికించడం, లేదా 24 గంటలు కాకముందే బయటికి లాగడం. రెంటిలో ఏది చేసినా నీ పీహెచ్ రిజిస్టరు అబద్ధమవుతుంది.

గ్రంథుల విషయంలోనూ అంతే పట్టుదల ఉండాలి. భుజం ముందు, తొడ ముందు, మోకాలి మడత వెనక కొవ్వులో బూడిద గోధుమ రంగు గడ్డలుగా చేతికి తగులుతాయి. కోత బల్ల దగ్గర వాటికి వేరే ట్రే పెట్టించు. ఒక కార్కస్‌కు రెండు పక్కలా కలిపి ఎన్ని రావాలో నిర్ణయించి, ట్రేలో లెక్క సరిపోయాకే తర్వాతి కార్కస్ బల్ల మీదికి రావాలి. మాంసం వేగంగా కోసినవాడికి బోనస్ ఇచ్చి గ్రంథుల లెక్క వదిలేస్తే, 20 కిలోల కార్టన్‌లో ఒక్క గడ్డ చాలు, రేవులో ఇన్‌స్పెక్టర్ కంటైనర్ మొత్తం ఆపుతాడు. ముసలి గేదెల అన్నవాహిక మీద బియ్యపు గింజల్లాంటి తిత్తులు కూడా వెతికించు. అవి సార్కోసిస్టిస్ అనే పరాన్నజీవివి.

ఇక డబ్బు లెక్క. 400 కిలోల గేదెలో కార్కస్ 48 శాతం వేసుకుంటే 190 కిలోలు. ఎముక, గ్రంథులు, నరాలు పోగా అందులో 70 శాతం, అంటే 133 కిలోలు చేతికొస్తుంది. 40 అడుగుల రీఫర్ (శీతల) కంటైనర్‌లో 28 టన్నులు, 1,400 కార్టన్లు పడతాయి. ఒక్క కంటైనర్‌కు సుమారు 210 గేదెలు కావాలి. ఎముక తీశాక వచ్చే దిగుబడి 70 నుంచి 68కి పడిపోయిందనుకో, అదే కంటైనర్‌కు మరో ఆరేడు గేదెలు కొనాలి. ఎముకకు అంటుకుని పోయే మాంసాన్ని రోజూ తూకం వేయించమనేది అందుకే. పశువు కొనుగోలు ధర ఖర్చులో సింహభాగం, అది నీ చేతిలో ఉండదు. నీ చేతిలో ఉన్నవి దిగుబడి, తోలు, రెండరింగ్ (ఎముక, వ్యర్థాలను ఉడికించి కొవ్వు, పొడి తీయడం). తోలుకు కత్తి గాటు పడకుండా చూడు, ఎముక, వ్యర్థాలు అదే రోజు రెండరింగ్‌కు పోవాలి. మురుగునీటి శుద్ధి ప్లాంటులో పొదుపు చేయకు, మూతపడేది సాధారణంగా దాని వల్లే.

పశువుల కొరత ఈ పరిశ్రమకు దీర్ఘకాలపు జబ్బు. 2019 పశుగణనలో దేశంలో దాదాపు 11 కోట్ల గేదెలున్నాయి, ఉత్తరప్రదేశ్‌లోనే 3.3 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 62 లక్షలు, తెలంగాణలో 42 లక్షలు. అయినా మనకు వచ్చేవి ఎక్కువగా ఒట్టిపోయిన గేదెలే. పాలు అమ్ముకునే ఇంట్లో దున్నదూడకు తాగడానికి ఏమీ మిగలదు, చాలావరకు కొన్ని నెలల్లోపే చచ్చిపోతుంది. ఇంత సంపద ఇలా మట్టిలో కలవడం చూడలేం. పుట్టిన రెండు గంటల్లోపు జున్నుపాలు, మొదటి రోజు మొత్తానికి దూడ బరువులో పదో వంతు, 30 కిలోల దూడకు 3 లీటర్లు. బొడ్డుకు అయోడిన్. రెండు వారాలలోపు ఏలికపాముల మందు, ఎందుకంటే గేదె దూడకు ఆ పాములు తల్లి పాల ద్వారానే వస్తాయి. ఇంతవరకు చేస్తే బతుకుతుంది. ఆ తర్వాత రోజుకు అర కిలో పెరిగేలా మేపితే 18 నెలలకు 300 కిలోలు దాటుతుంది. ఆ పశువు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పుడు టీకా పడిందో, ఏ మందు ఎప్పుడు ఇచ్చారో నీ దగ్గర కాగితం ఉంటుంది. సంత పశువుకు అది ఉండదు. మంచి ధర ఇచ్చే కొనుగోలుదారుడు అడిగేది ఆ కాగితమే.

కానీ మన రెండు రాష్ట్రాల్లో 1977 చట్టం ఉంది. గేదె దూడను కోయడం నిషేధం. పెద్ద పశువుకైనా పాడికో, సంతతికో, సేద్యానికో ఇక పనికిరాదన్న సర్టిఫికెట్ ఉండాలి. కాబట్టి దున్నలను మేపే పథకం వేసుకునే ముందు, ఏ వయసు పశువుకు ఆ సర్టిఫికెట్ ఇస్తారో పశుసంవర్ధక శాఖ దగ్గర రాతపూర్వకంగా తెలుసుకో. మేపాక అడిగితే ప్రయోజనం లేదు.

వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా రిజిస్ట్రేషన్ ఉన్న ప్లాంటు నుంచి మాత్రమే సరుకు పోవాలి. ప్రతి సరుకుకూ పశువైద్యాధికారి ఆరోగ్య సర్టిఫికెట్ తప్పనిసరి. హలాల్ పేరుతో పంపే 15 దేశాలకు 2024 అక్టోబర్ 16 నుంచి మన భారతీయ హలాల్ పథకం కింద గుర్తింపు పొందిన సంస్థ సర్టిఫికెట్టే చెల్లుతుంది. మలేషియా, ఇండోనేషియా దానిపైన తమ సొంత తనిఖీలూ చేస్తాయి.

మొదటి మార్కెట్‌గా ఒక్క దేశాన్నే నమ్ముకోవద్దు. 2016లో మనకు తలుపు తెరిచిన ఇండోనేషియాలో కొనుగోలు ప్రభుత్వ కోటా మీద నడుస్తుంది, అనుమతి ఆలస్యమైతే నీ కోల్డ్ స్టోరేజీ నిండిపోతుంది. అక్కడ రంజాన్ ముందు గిరాకీ, రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది, ఉత్పత్తి దాన్ని బట్టి వేసుకో. నా మాటగా ఏ దేశానికీ మూడో వంతు మించనివ్వకు. లేత దున్న మాంసం దొరికితే గల్ఫ్‌కు చల్లబరిచిన కోతలుగా విమానంలో పంపడం చూడు, టన్ను ధర పెరిగే దారి అదే.

కంటైనర్ సరుకును చల్లబరచదు, ఉన్న చల్లదనాన్ని నిలుపుతుంది అంతే. కార్టన్ నడిమధ్య మైనస్ 18 డిగ్రీలు వచ్చాకే ఎక్కించు, డ్రిల్‌తో రంధ్రం చేసి థర్మామీటరుతో చూపించమను. గాలి ఆడే ఎర్ర గీత దాటి పేర్చనివ్వకు. తలుపు దగ్గరా, మధ్యలోనూ రెండు ఉష్ణోగ్రత రికార్డర్లు పెట్టు, రేపు తగాదా వస్తే నీకు సాక్ష్యం అవే. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక ఆ దారిన సరుకు రోజులూ, కిరాయిలూ రెండూ తారుమారయ్యాయి, అందుకే ఒప్పందంలో పెరిగిన కిరాయి ఎవరు భరించాలో ముందే రాయించుకో. డబ్బు విషయంలో కొత్త కొనుగోలుదారు దగ్గర కొంత అడ్వాన్సు, మిగతాకు బ్యాంకు ఎల్‌సీ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం). ఆ ఎల్‌సీలో రాసిన కోత పేరు, కార్టన్ల సంఖ్య, హెల్త్ సర్టిఫికెట్‌లో ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి, లేకపోతే బ్యాంకు డబ్బు ఆపుతుంది. సంతకం పెట్టే ముందు ఒప్పందం, ఎల్‌సీ, హెల్త్ సర్టిఫికెట్ ముసాయిదాలు మూడూ నాకు పంపు, చూసి పెడతాను.

ఇట్లు,
నీ మేనమామ