ఆ గొట్టం బల్లమీద పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆర్థర్ మిల్లర్ ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ను తెలుగులో ఆడబోతున్నారనీ, తండ్రి విల్లీ లోమన్ చేత ఎంత దుఃఖం పలికించాలో తేలక రిహార్సల్ ఆగిపోయిందనీ రాశావు. నేనైతే ఆ నటుణ్ణి ఏడవనివ్వను. అరవై మూడేళ్ల విల్లీకి, ముప్పై ఆరేళ్లు చాకిరీ చేయించుకున్న కంపెనీ జీతం తీసేసి వట్టి కమీషన్ మిగిల్చింది. ఆ సంగతి బయటపడకుండా అతను పొరుగింటి చార్లీ దగ్గర వారానికి 50 డాలర్లు చేబదులు తెచ్చి, తన సంపాదనేనంటూ భార్య చేతిలో పెడుతున్నాడు. ఇంత పట్టుదలగా దాచుకునేవాడు ప్రేక్షకుల ముందు మాత్రం ఎందుకు బయటపడతాడు?

ముందు విల్లీ భార్య లిండా పాత్రధారిణితో కూర్చో. గ్యాస్ పీల్చి తన ప్రాణం తీసుకోవాలని భర్త దాచుకున్న రబ్బరు గొట్టాన్ని లిండా రోజూ తీసేసి, అతను ఇల్లు చేరేసరికి మళ్లీ అక్కడే పెట్టేస్తుంది, అడిగితే అవమానించినట్టవుతుందని. అంటే దాపరికం ఒక్క తండ్రిది కాదు. ఈ మాట కొడుకులకు చెప్పేటప్పుడు, మన పరిషత్తు నాటకాల అలవాటు కొద్దీ గొంతు పెంచి, వెనుక విషాద సంగీతం వేసి, చప్పట్ల కోసం ఆగితే దృశ్యం చచ్చిపోతుంది. ఇంటి ఖర్చుల పద్దు అప్పగించే ఇల్లాలిలా, తడబడకుండా చెప్పమను.

రెండవ అంకంలో పెద్దకొడుకు బిఫ్ ఆ గొట్టాన్ని అందరి ముందూ పెట్టినప్పుడు తల్లి దాన్ని లాక్కోబోతుంది, బిఫ్ అరచేతితో నొక్కిపడతాడు. దర్శకులు కొందరు ఈ పెనుగులాటను తొందరగా దాటించేస్తారు. నువ్వు ఆగు. తానెన్నడూ దాన్ని చూడలేదని విల్లీ అనే అబద్ధాన్ని మామూలు గొంతుతోనే అననివ్వు.

అసలు కష్టం ఆ తర్వాత ఉంది. బిఫ్ తండ్రిని పట్టుకుని ఏడ్చినప్పుడు, వీడికి నేనంటే ఇష్టమేనన్న సంగతి విల్లీకి కొత్తగా తెలుస్తుంది. చూసేవాళ్లు గండం గడిచిందనుకుంటారు; అతనికేమో తాను చనిపోతే వచ్చే బీమా సొమ్ము, 20 వేల డాలర్లు, అలాంటి కొడుకు చేతికి అందాలన్న ఆశ అప్పుడే గట్టిపడుతుంది. అందుచేత ఆ సంతోషంలో విషాదపు ఛాయ కలపనివ్వకు. నాటకం మొత్తంలో అతను నిండుగా నవ్వే చోటు అదే కావాలి. అది కుదిరాక కబురు పెట్టు, వచ్చి చూస్తాను.