రొట్టె మీది మచ్చలు కనపడాలె

నల్లగొండ

తమ్ముడూ,

జొన్న రొట్టె మీద నువ్వు రాసింది చదివిన. రాత గట్టిగనే ఉంది. దాని పక్కన పెట్టిన ఫోటోలనే రొట్టె తెల్ల కాయితం లెక్క ఉంది. పెనం మీద పడ్డ నల్లమచ్చలు, తట్టిన వేళ్ల అచ్చులు, అంచున పగుళ్లు ఏవీ లేవు. ఫ్లాష్ చేసిన పని అది. వెలుగు కెమెరా దిక్కు నుంచే పడితే నీడలన్నీ వస్తువు వెనకకు పోతయి. నీడ లేకుంటే గరుకు కనపడదు.

ఫ్లాష్ తీసెయ్, ట్యూబులైటు, బల్బు కూడా బంద్ చెయ్. కిటికీ వెలుగు నీలం దిక్కు, బల్బు పసుపు దిక్కు ఉంటయి. రెండూ కలిసి పడితే కెమెరాల రంగు సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఒక్కదానితోని సరికావు.

కిటికీకి రెండు మూడడుగుల దూరంల పీట వెయ్. వెలుగు రొట్టెకు పక్క నుంచి రావాలె, కెమెరా పైనుంచి చూడాలె. ఎండ నేరుగ పడుతుంటే తెల్ల ధోతి ఒక పొర కట్టు. ఉత్తరం కిటికీ మేలంటరు, నిజమే. కాని మన దిక్కు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు నడిమధ్యాహ్నం కూడ నెత్తికి ఉత్తరాననే ఉంటడు. ఆ రోజుల్ల ఆ కిటికీలకు పొద్దుగాల, మాపటికి ఎండ వస్తది. ధోతి దగ్గర పెట్టుకో.

నీడ పడే దిక్కు జానెడు దూరంల తెల్ల థర్మకోల్ ముక్క నిలబెట్టు, అది వెలుగును మళ్ల రొట్టె మీదికి కొట్టి నీడను పలుచన చేస్తది. నీడ మొత్తం పోయిందనిపిస్తే దూరం జరుపు. ఇంక గాఢంగ కావాలంటే థర్మకోల్ తీసి నల్ల చార్టు పెట్టు.

తునకల కూర సంగతి వేరే. గిన్నెను గడియారం అనుకో, కెమెరా ఆరు అంకె దగ్గరుంటే వెలుగు పది అంకె దిక్కు నుంచి రావాలె, అప్పుడే నూనె తేట మెరుస్తది. మటన్ కొవ్వు చల్లారితే తెల్లగ గడ్డకడతది. అందుకని ఉత్త గిన్నెతోని ఫ్రేమూ ఫోకసూ చూసుకొని, కూర చివరికి వేడివేడిగ తెప్పించు. స్టీలు గిన్నెల నీ మొహం కనపడతది, మట్టిది మంచిది. కింద నునుపు చేయని షాబాదు బండ చాలు. పోచంపల్లి గుడ్డ పరవాలని మనసైతది గని, ఆ డిజైన్ కూర మీదికి చూపు పోనియ్యదు. ఒక మూలకు అంచు కనపడనియ్, అంతే.

ఫోనైతే జూమ్ 2ఎక్స్ పెట్టి వెనకకు జరుగు. 1ఎక్స్‌ల మీదికి పోతే గిన్నె ముందు అంచు ఉబ్బుతది. కెమెరాల అపెర్చర్, అంటే లెన్సు లోపలి రంధ్రం, ఎఫ్/5.6 పెట్టు. 1.8 పెడితే ఒక్క తునక తప్ప అంతా మసకే. ఫ్రేము నిండ అన్నముంటే కెమెరాల వెలుగు కొలిచే మీటరు దాన్ని బూడిద రంగుకు దించుతది, ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) సెట్టింగు +0.7కు పెంచు.

హోటల్ వంటింట్ల లైట్లు ఆపనియ్యరు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైటు సెకనుకు 100 సార్లు మినుకుతది. షటర్, అంటే వెలుగు లోపలికి తీసుకునే సమయం, సెకనుల 1/500 వంతు పెడితే అడ్డచారలు రావచ్చు. 1/100 పెట్టు. రొట్టె తట్టే చెయ్యి కొంచెం చెదిరితే చెదరనియ్, పని కనపడతది.

పత్రికల 6 అంగుళాల వెడల్పుకు, అంగుళానికి 300 చొప్పున, 1800 పిక్సెళ్లు కావాలె. వాట్సాప్‌ల ఫోటోగ కాదు, డాక్యుమెంటుగ పంపు. వండినామె పేరు, ఊరు, మండలం ఆమెనే అడిగి రాసుకో.

ఆదివారం అదే రొట్టెను మళ్ల తియ్యి: థర్మకోల్‌తోని ఒకటి, లేకుండ ఒకటి, నల్ల చార్టుతోని ఒకటి. ఏం దిద్దకుండ మూడూ పంపు.

నీ అన్న