మేకప్ ట్రయల్ సరే, ముందు ఆ క్రీము సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 26. మరో ఏడు వారాల్లో పెళ్లి. పెళ్లికి ముందు ఒకసారి మేకప్, హెయిర్ స్టైల్ ట్రయల్ చేయించుకుంటే మంచిదని, దానికి విడిగా డబ్బు ఇవ్వాలని మేకప్ ఆర్టిస్ట్ అంటున్నారు. ఇంట్లో వాళ్లేమో అది అనవసరమైన ఖర్చు అంటున్నారు. నా చర్మం కాస్త సున్నితం. స్నేహితురాలు చెప్పిన ఒక క్రీమును ఐదు నెలలుగా రోజూ రాత్రి రాసుకుంటున్నాను. ముఖం బాగా తేటపడింది. రెండు రోజులు మానితే మాత్రం ఎర్రబడి మండుతుంది, మళ్లీ రాస్తే తగ్గిపోతుంది. కిందటిసారి జుట్టుకు రంగు వేయించుకున్నప్పుడు చెవుల వెనక, కనురెప్పల మీద దురద వచ్చింది. అలర్జీ మాత్ర వేసుకుంటే పోయింది. పెళ్లికి వారం ముందు మళ్లీ రంగు వేయించుకోవాలని ఉంది. ట్రయల్ నిజంగా అవసరమా? ఎన్ని రోజుల ముందు పెట్టుకోవాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ట్రయల్ చేయించుకోండి. మీలాంటి చర్మానికి అది అనవసరమైన ఖర్చు కాదని నా మాటగా ఇంట్లో చెప్పండి. కానీ ఈ వారమే తేదీ ఖాయం చేసుకోవద్దు. మీరు ట్రయల్ గురించి అడిగిన ప్రశ్న కంటే, మధ్యలో మాటవరసకు రాసిన రెండు విషయాలే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. ఒకటి ఆ క్రీము. రెండోది కనురెప్పల దురద. వాటి సంగతి తేలకుండా ట్రయల్ చేయించుకుంటే వచ్చే ఫలితాన్ని నమ్మలేం.

"మానితే మండుతుంది, రాస్తే తగ్గుతుంది" అనే మాట చర్మ వైద్యుల గదిలో తరచుగా వినిపిస్తుంది. మీ ముఖం చూడకుండా, ట్యూబు మీద ఏముందో చదవకుండా ఖాయంగా చెప్పలేను. అయినా మీరు రాసిన లక్షణాలను బట్టి అందులో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ట్యూబును వెలుతురులో పట్టుకుని చిన్న అక్షరాలు చదవండి. మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్ వంటి పేర్లలో ఏది కనిపించినా అది అందానికి రాసుకునే క్రీము కాదు, మందు.

1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, స్టెరాయిడ్ అయిన డెక్సామెథాసోన్ అనే మూడు మందులు కలిపిన మిశ్రమాన్ని వర్ణించారు. నల్లమచ్చలకు ఇప్పుడు వాడే 'ట్రిపుల్ కాంబినేషన్' క్రీములకు మూలం అదే. సరైన రోగికి, వైద్యుల పర్యవేక్షణలో, వారాలు లెక్కపెట్టుకుని వాడితే మంచి మందే. వరుసగా ఎనిమిది వారాలకు మించి సాధారణంగా రాయం. మీరు ఐదు నెలలుగా వాడుతున్నారు, అదీ ఎవరూ పరీక్షించకుండా.

స్టెరాయిడ్ రాయగానే చర్మం కింది సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఎరుపు, వాపు తగ్గి ముఖం తేటగా కనిపిస్తుంది. మీరు చూసిన మెరుపులో చాలా భాగం అదే. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, బుగ్గల మీద ఎర్రని సన్నని గీతలు తేలుతాయి, నోటి చుట్టూ చిన్న పొక్కులు, మొటిమలు వస్తాయి, కొందరికి నూగు వెంట్రుకలు పెరుగుతాయి. మానిన రెండో రోజో మూడో రోజో ముడుచుకున్న నాళాలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఆ మంట మీ చర్మానికి క్రీము అవసరమని చెప్పడం లేదమ్మా. క్రీముకు మీ చర్మం అలవాటు పడిపోయిందని చెబుతోంది.

ట్యూబు మీద మందుల పేర్లే లేకపోతే నా ఆందోళన ఇంకా పెరుగుతుంది. చర్మాన్ని తెల్లబరుస్తామని చెప్పే కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది. అది చర్మం గుండా లోపలికి వెళ్లి మూత్రపిండాలను దెబ్బతీయగలదు. 2013 నాటి మినమాటా అంతర్జాతీయ ఒప్పందం అటువంటి క్రీముల తయారీకి, ఎగుమతి దిగుమతులకు 2020ని గడువుగా పెట్టింది. అయినా అవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. అనుమానం ఉంటే మీ వైద్యులు మూత్ర పరీక్ష రాస్తారు.

ఇది చదివి ఈ రాత్రికే క్రీము మానేసి, మూడో రోజు ముఖం మండిపోతుంటే మళ్లీ రాసుకోవద్దు. అలాగని పెళ్లి అయ్యేదాకా ఇలాగే కానిద్దామనీ అనుకోవద్దు. ఈ వారంలోనే చర్మ వైద్యులను కలవండి. తక్కువ శక్తి ఉన్న క్రీముకు మార్చి నెమ్మదిగా తగ్గించాలా, స్టెరాయిడ్ లేని మందు ఇవ్వాలా అన్నది ముఖం చూశాకే నిర్ణయించాలి. ఏడు వారాల్లో పూర్తిగా కుదుటపడుతుందని మాట ఇవ్వలేను, కొందరికి నెలలు పడుతుంది. కానీ ఈ రోజు మొదలుపెడితే మీ చేతిలో ఏడు వారాలు ఉంటాయి. మరో నెల ఆలస్యం చేస్తే మూడే మిగులుతాయి.

ఇక్కడే మరో మాట. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు కూడా ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పండి. అవి వాడుతున్నంత కాలం, ఆపాక కనీసం నెల రోజుల వరకు గర్భం రాకూడదు. బిడ్డకు తీవ్రమైన అవకరాలు వచ్చే ప్రమాదం ఉంది. ఆ మాత్రలు వాడేవారు వ్యాక్సింగ్ చేయించుకుంటే చర్మం పొరలుగా లేచిరావచ్చు.

ఇక జుట్టు రంగు. పెళ్లికి వారం ముందు మాత్రమే కాదు, పరీక్ష చేయించుకోకుండా ఎప్పుడూ వేయించుకోవద్దు. శాశ్వతంగా నిలిచే ముదురు రంగుల్లో చాలావాటిలో పారాఫినైలిన్‌డయామిన్ అనే రసాయనం ఉంటుంది. క్లుప్తంగా పీపీడీ అంటాం. కొందరికి అలర్జీ తెస్తుందని తెలిసిన పదార్థమే ఇది. తలమీది చర్మం మందం కాబట్టి అక్కడ పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. రంగు జారి తగిలిన చెవుల వెనక, మెడ మీద, పలుచని కనురెప్పల మీద దురద, వాపు వస్తాయి. మీరు రాసింది అచ్చంగా ఇదే. ఈ అలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. కిందటిసారి దురదతో పోయింది కదా అని ఈసారీ అంతటితో పోతుందనుకోలేం.

కొన్నేళ్ల కిందట పెళ్లి రెండు రోజులుందనగా ఒక యువతిని నా దగ్గరికి తీసుకొచ్చారు. రెండు కళ్లూ గీతల్లా మూసుకుపోయాయి. నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే చోట వరుసగా నీటి పొక్కులు. చెవి వెనక నుంచి పసుపు పచ్చని రసి కారుతుంటే చేతిరుమాలు అదిమి పట్టుకుని కూర్చుంది. అంతకుముందు రెండుసార్లు కొద్దిగా దురద వచ్చిందట, ఇంట్లో ఉన్న మాత్ర వేసుకుందట. "ఎన్ని గంటల్లో ఫౌండేషన్ వేసుకోవచ్చు డాక్టర్ గారూ?" అని అడుగుతూనే ఉంది. అటువంటి చర్మం మామూలు స్థితికి రావడానికి గంటలు కాదు, రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పడం నాకు ఎంత కష్టమైందో ఇప్పటికీ గుర్తుంది. మొదటిసారి దురద వచ్చినప్పుడే ఎవరికైనా చూపించి ఉంటే ఆ రోజు వచ్చేది కాదు.

అందుకే ఆ మాత్ర విషయంలో మీ మీద కాస్త కోపంగానే ఉంది. అలర్జీ మాత్ర దురదను కొంత తగ్గిస్తుందే కానీ కారణాన్ని తీసేయదు. దురద పోయింది కాబట్టి సమస్య పోయిందని మీరు నమ్మారు. మళ్లీ రంగు వేయించుకోవడానికి సిద్ధపడ్డారు కూడా. ఇంట్లో మిగిలిన మాత్రలు, పక్కవారికి రాసిచ్చిన మందులు, ముఖ్యంగా స్టెరాయిడ్ మాత్రలు, ముందు జాగ్రత్త పేరుతో ట్రయల్‌కు ముందు కూడా మింగవద్దు.

చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న గిన్నెల్లాంటి పట్టీల్లో పెట్టి వీపు మీద అతికిస్తారు. 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మళ్లీ నాలుగో రోజు ప్రాంతంలో చూస్తారు. అన్ని రోజులూ వీపు తడవకూడదు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా, వీపు మీద స్టెరాయిడ్ రాసినా ఫలితం తప్పుగా రావచ్చు కాబట్టి ముందే చెప్పండి. రంగు డబ్బా మీద ఉన్న సూచన చూసి ఇంట్లో మీరే చెవి వెనక రాసి చూడటం మాత్రం వద్దు. ఒకసారి దురద వచ్చిన వారికి ఆ చిన్న చుక్కే చాలు. 'అమోనియా లేదు', 'సహజం' అన్న మాటలకు 'పీపీడీ లేదు' అని అర్థం కాదు. నల్లని గోరింటాకు పేరుతో అమ్మే కొన్నింటిలోనూ ఇదే రసాయనం కలుపుతారు.

జుట్టును సాఫీ చేయించుకునే ఆలోచన ఉంటే అదీ ఇప్పుడు వద్దు. ఆ ద్రావణాల్లో కొన్ని వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉన్నవాటిని వాడాక కొందరి మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిన్నట్టు ఇటీవలి సంవత్సరాల్లో వైద్య పత్రికల్లో వచ్చింది.

ఇప్పుడు మీరు అడిగిన ట్రయల్. మేకప్ వల్ల వచ్చే అలర్జీల్లో ఎక్కువ భాగం వెంటనే బయటపడవు. ఒక రోజు నుంచి మూడు రోజుల మధ్య బయటపడతాయి. అద్దంలో చూసుకుని బాగుందనుకుని, ఇంటికొచ్చి కడిగేసుకుంటే మీ రూపం ఎలా ఉంటుందో తెలుస్తుంది, మీ చర్మం ఏమంటుందో తెలియదు. ఆ సమాధానం మూడో రోజు, నాలుగో రోజు వస్తుంది. స్టెరాయిడ్ రాసుకుంటున్న ముఖం మీద అది అణిగిపోయి కనిపించకపోవచ్చు కూడా. ఈ వారమే తేదీ ఖాయం చేసుకోవద్దన్నది ఇందుకే.

కాబట్టి ట్రయల్ తేదీ ఖాయమయ్యే లోపు ఒక పని చేయవచ్చు. మేకప్ ఆర్టిస్ట్ ఏయే ప్రైమర్, ఫౌండేషన్, కాంపాక్ట్ వాడతారో పేర్లతో సహా అడిగి తీసుకోండి. కడగకుండా చర్మం మీదే ఉంచుకునే వాటిని కొద్దిగా తెచ్చుకుని మోచేతి మడత దగ్గర నాణెమంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడండి. ఒక్కోదానికి ఒక్కో చోటు. ఆ చేతికి మీ క్రీము తగలనివ్వకండి. దద్దు, దురద వస్తే అక్కడితో ఆపి, ఫోటో తీసి వైద్యులకు చూపించండి. కృత్రిమ కనురెప్పల వెంట్రుకలు అతికించే జిగురును ఇలా రాయవద్దు. కొన్ని జిగురుల్లో లేటెక్స్ ఉంటుంది. బెలూన్లు, రబ్బరు తొడుగులు తగిలితే ఎప్పుడైనా మీకు దురద, వాపు వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.

మీ ముఖం కుదుటపడిందని వైద్యులు అన్నాక, పెళ్లికి మూడు వారాలు తగ్గకుండా ఉండేలా ట్రయల్ పెట్టుకోండి. అప్పటికి చర్మం సిద్ధంగా లేకపోతే రెండు వారాల ముందైనా ఫరవాలేదు, చివరి వారంలోకి మాత్రం తోయవద్దు. ఆ రోజు వేసినవే పెళ్లి రోజూ వేయాలి, మధ్యలో ఒక్కటి మార్చినా ట్రయల్ వృథా. పెళ్లి రోజు ఎన్ని గంటలు ఉంచుకుంటారో దాదాపు అన్ని గంటలూ ఉంచుకోండి. తర్వాత నాలుగు రోజులు ఉదయం ఒకే కిటికీ దగ్గర ఫోటో తీసుకోండి, ఫిల్టర్లు లేకుండా. ఆ నాలుగు రోజులూ కొత్త సబ్బు, కొత్త గోళ్ల రంగు ఏదీ వద్దు. గోళ్ల రంగు ఎందుకంటారా? దాని అలర్జీ చాలాసార్లు వేళ్ల మీద కాకుండా కనురెప్పల మీద బయటపడుతుంది. మనం ముఖాన్ని ఎన్నిసార్లు తాకుతామో మనకే తెలియదు.

బ్రష్షులు, స్పాంజీలు కడిగి ఆరబెట్టినవేనా అని మొహమాటపడకుండా అడగండి. మస్కారా, కాటుక, లిప్‌స్టిక్ మీవే తీసుకెళ్లండి. జడ బిగుతు వల్ల కణతలు లాగినట్టు, నొప్పిగా ఉంటే అప్పుడే చెప్పి వదులు చేయించుకోండి. గంటల తరబడి భరించి ఇంటికి రావడంలో అర్థం లేదు.

ట్రయల్ తర్వాత పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా అత్యవసర విభాగానికి వెళ్లాలి, ఉదయం దాకా ఆగకూడదు. కళ్లు మూసుకుపోయేంత వాపు, నీటి పొక్కులు, రసి, జ్వరం వస్తే అదే రోజు వైద్యులకు చూపించాలి. నేను రాసినదంతా మీరు చెప్పిన నాలుగు మాటల మీద ఆధారపడి ఇచ్చిన సాధారణ సలహా. మిమ్మల్ని స్వయంగా చూసే వైద్యులు వేరేగా చెబితే వారి మాటే పాటించండి.

వెళ్లేటప్పుడు ఆ క్రీము ట్యూబు, కిందటిసారి వేసిన జుట్టు రంగు డబ్బా లేదా దాని మీది అక్షరాల ఫోటో, మీరు వేసుకున్న మాత్రల పట్టీ వెంట తీసుకెళ్లండి. ఖాళీ అయిపోయినా సరే, భయపడి ట్యూబును పారేయవద్దు.