కోపెన్‌హేగెన్‌లో దీపం కొనే ముందు

తమ్ముడూ, కోపెన్‌హేగెన్‌లో దిగి నెల కాలేదు, అప్పుడే పీహెచ్ 5 అనే వేలాడే దీపం మీద మనసు పడ్డావు. అందులో తప్పేం లేదు. సాయంత్రం వీధిలో నడుస్తుంటే, కర్టెన్లు వేయని కిటికీల్లోంచి, భోజనం బల్ల మీదికి కిందుగా వేలాడుతూ ఎన్ని ఇళ్లలో కనిపిస్తుందో! కానీ ముందు నా డబ్బు ఎలా పోయిందో విను.

నేను అద్దెకు దిగిన రోజు ఇంటి కప్పుకి కొక్కెం, వైరు తప్ప ఒక్క లైటు లేదు. ఇక్కడ చాలా అద్దె ఇళ్లు అంతే, ఖాళీ చేసేవాళ్లు తమ దీపాలు విప్పుకుపోతారు. డిపాజిట్, ముందస్తు అద్దె కట్టేసరికి చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు. మనకి ట్యూబ్‌లైటు అలవాటు కదా, గదంతా తెల్లగా వెలగాలని బాగా వెలుగిచ్చే బల్బు, చవక షేడు తెచ్చి కప్పుకి బిగించాను. డిసెంబరులో మూడున్నర దాటితే పొద్దు గూకుతుంది. పడుకునేదాకా ఆ వెలుగే. కళ్లు మండి ఇంకోటి కొన్నాను. ఆ తర్వాత అచ్చం పీహెచ్ 5లా ఉండే నకలు. బల్ల దగ్గర కూర్చుంటే బల్బు సూటిగా కంట్లో పొడిచేది. మూడేళ్లలో మూడు దీపాలు, మూడూ చెత్తలోకే. ఆ క్రోనర్లు రూపాయల్లో లెక్కేసుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

నాలుగోది, ఒక ముసలాయన ఇల్లు మారుతూ అమ్మిన అసలు పీహెచ్ 5. డెన్మార్క్ డిజైనర్ పౌల్ హెన్నింగ్‌సెన్ దీన్ని 1958లో దీపాలు చేసే లూయీ పౌల్సెన్ కంపెనీకి గీసిచ్చాడు. పెద్ద షేడు వెడల్పు 50 సెంటీమీటర్లు, పేరులో 5 అదే. షేడుల వంపు ఎలా ఉంటుందంటే, ఎక్కడ కూర్చున్నా బల్బు కనబడదు, వెలుగు మాత్రం బల్ల మీదికీ పక్కలకీ మెత్తగా పరుచుకుంటుంది. లోపల ఎరుపు, నీలం చిన్న ముక్కలు ఉంటాయి, వెలుగు రంగుని సరిచేయడానికి. కంపెనీలు బల్బుల ఆకారం మార్చేస్తున్నాయని విసిగి, ఏ బల్బు పెట్టినా పనిచేసేలా చేశాడాయన. అందుకే ఎల్ఈడీ వచ్చినా ఇది పాతబడలేదు. డబ్బు విషయంలో నాకు నచ్చింది అదే: కొత్త బల్బు వస్తే దీపం మార్చక్కర్లేదు, అమ్మినా మంచి ధర వస్తుంది.

దాన్నీ మొదట తలకి తగలకూడదని పైకి కట్టాను. బల్లకి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని పక్కింటావిడ చెప్పి, దగ్గరుండి దింపించింది.

నువ్వు ఇప్పుడే కొత్తది కొనకు, వేల క్రోనర్లు. ఊరికి తిరుగు టికెట్టు డబ్బు, మూడు నెలల అద్దెకి సరిపడా డబ్బు ఖాతాలో చేరేదాకా ఒక చిన్న టేబుల్ ల్యాంపుతో నెట్టుకురా. ఆ తర్వాత పాతది వెతుకు. షేడు అంచులకి సొట్టలున్నాయా, మళ్లీ రంగేశారా, వైరు పగిలిందా చూడు. అనుమానంగా ఉంటే డబ్బు కట్టకుండా నాకు ఫోటోలు పంపు. ఆదివారమైతే నేనే వస్తాను.