ఆరు నెలల్లో డిగ్రీ అంటే నమ్మొచ్చా?

చిన్నా,

నువ్వు చేరదామనుకుంటున్న అమెరికా ఆన్‌లైన్ డిగ్రీ గురించి రాస్తున్నాను. ఆరు నెలల్లో అయిపోతుందనగానే మోసమని కొట్టిపారెయ్యకు. అలాగని ఫీజు కట్టెయ్యకు.

ముందు లెక్క వెయ్యి. అక్కడ బ్యాచిలర్స్‌కి మామూలుగా 120 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే వారానికో గంట క్లాసు, బయట రెండు గంటల చదువు, సుమారు 15 వారాలు. అంటే 45 గంటలు. మొత్తం 5,400 గంటల పని. ఆరు నెలల్లో పూర్తి చెయ్యాలంటే రోజుకి 30 గంటలు కావాలి! కాబట్టి అంత త్వరగా ముగించినవాళ్లు చాలా క్రెడిట్లు బయటినుంచి తెచ్చుకునుండాలి, లేదా ఆ విషయాలు ఉద్యోగంలో ముందే నేర్చుకుని పరీక్షలు చకచకా పాసై ఉండాలి. రెండూ న్యాయమైన దారులే. మూడో దారి, అక్కడ పరీక్షే సరిగ్గా పెట్టకపోవడం. నువ్వు కనిపెట్టాల్సింది దాన్ని.

కాలేజీ సైటులో కనిపించే గుర్తింపు ముద్రని లెక్కలోకి తీసుకోకు. అమెరికా విద్యాశాఖ డేటాబేసులో, చియా (CHEA, గుర్తింపు ఇచ్చే సంస్థల్ని పరిశీలించే అమెరికా మండలి) డైరెక్టరీలో నువ్వే పేరు కొట్టి వెతుకు. గుర్తింపు ఇచ్చిన సంస్థకి కూడా అక్కడ గుర్తింపుండాలి. ఎందుకంటే దొంగ కాలేజీలు తమకి కావలసిన అక్రెడిటర్‌ని, అంటే గుర్తింపు ఇచ్చే సంస్థని, తామే సృష్టించుకుంటాయి. 2015లో బయటపడ్డ పాకిస్తాన్ కంపెనీ యాక్సాక్ట్ దొంగ డిగ్రీల వ్యవహారంలో ఇదే జరిగింది. సైటు చిరునామా చివర డాట్ ఎడ్యు ఉందని కూడా ధీమా పడకు. 2001కి ముందు ఆ పేరు తీసుకున్నవాళ్లలో గుర్తింపు లేనివాళ్లకీ అది అలాగే ఉండిపోయింది.

2020లో విద్యాశాఖ ప్రాంతీయ (మామూలు యూనివర్సిటీల్ని గుర్తించేవి), జాతీయ (ఎక్కువగా వృత్తి కాలేజీల్ని గుర్తించేవి) అక్రెడిటర్లన్న తేడా తీసేసింది. కానీ వేరే కాలేజీలో చేసిన క్రెడిట్లు తీసుకునేటప్పుడు చాలా కాలేజీలు ఆ పాత తేడా చూస్తూనే ఉన్నాయి. తర్వాత మాస్టర్స్ చేసే ఆలోచనుంటే హెచ్ఎల్‌సీ, ఎన్‌డబ్ల్యూసీసీయూ లాంటి ప్రాంతీయ సంస్థలు గుర్తించినదే ఎంచుకో.

గుర్తింపున్నంత మాత్రాన గొడవ ఉండదని కాదు. 1997లో మొదలైన వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీనే చూడు. ఆరు నెలల టర్ముకి ఒకే ఫీజు, ఆలోపు ఎన్ని కోర్సులైనా ముగించుకోవచ్చు. అధ్యాపకులకీ విద్యార్థులకీ మధ్య తగినంత సంప్రదింపు లేదంటూ 2017లో విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ప్రభుత్వ విద్యార్థి సాయం కింద అందిన 71 కోట్ల డాలర్లు వెనక్కి కట్టించమన్నారు. 2019లో విద్యాశాఖ అక్కర్లేదని తేల్చింది. ఆ యూనివర్సిటీ నిలబడింది, గుర్తింపూ నిలిచింది. అయినా ఆ ప్రశ్న మంచిదే, నువ్వు చూసే ప్రతి కాలేజీనీ అడుగు. పేపర్లు దిద్దేదెవరు? తప్పిన అసైన్‌మెంట్ వ్యాఖ్యలతో వెనక్కొస్తుందా? పరీక్షలో వెబ్‌క్యామ్‌తో కాపలా ఉంటుందా? వీటికి నీళ్లు నమిలి "మీ అనుభవానికే డిగ్రీ ఇస్తాం" అన్నా, పట్టాకి పాత తేదీ వేస్తామన్నా ఇంక అక్కడ మాట్లాడకు.

సోఫియా, స్టడీ డాట్ కామ్‌లాంటి చోట్ల చౌకగా చదివిన కోర్సులకి ఏసీఈ (అమెరికా కాలేజీల సంఘం) ఇచ్చేది సిఫార్సు మాత్రమే, తీసుకోవడం కాలేజీ ఇష్టం. చాలా చోట్ల 90 క్రెడిట్ల వరకే బయటివి ఒప్పుకుంటారు, మిగతా 30 అక్కడే చెయ్యాలి. అందుకే ఏ కోర్సు దేనికి సరిపోతుందో రిజిస్ట్రార్ దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టు. నోటిమాటగా "అవుతుందండీ" అన్న అడ్మిషన్ల మనిషి తర్వాత ఫోనెత్తడు. టర్మ్ ఫీజులో ఇంకో చిక్కుంది. నువ్వు నెమ్మదించావంటే చౌకనుకున్నది రెండో టర్ము, మూడో టర్ము అంటూ పెరిగిపోతుంది.

డిగ్రీ ఎందుకన్నది బట్టి మిగతాది మారుతుంది. ఉద్యోగంలో ప్రమోషన్‌కి డిగ్రీ అన్న గడి నింపడానికైతే పైవి చాలు. నర్సింగ్, టీచింగ్ అయితే నువ్వు పనిచెయ్యబోయే రాష్ట్రం లైసెన్సింగ్ బోర్డునే అడగాలి, ఒక రాష్ట్రంలో చెల్లింది ఇంకోచోట చెల్లకపోవచ్చు. ఇంజనీరింగైతే ఆ ప్రోగ్రాముకి ఇంజనీరింగ్ కోర్సుల్ని గుర్తించే అబెట్ సంస్థ గుర్తింపు ఉందో లేదో చూడు. కొన్ని చోట్ల గ్రేడ్లుండవు, పాస్ అని మాత్రమే వేస్తారు. జీపీఏ అడిగే మాస్టర్స్ ప్రోగ్రాములకి ముందే మెయిల్ పెట్టి, గ్రేడ్లు లేని ఆ ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) తీసుకుంటారో లేదో కనుక్కో. ఆ జవాబు వచ్చేదాకా అప్లికేషన్ ఫీజు కూడా కట్టకు.

ఇట్లు,
మీ పెదనాన్న