లాప్‌టాప్ ఇండియా నుంచి తెచ్చుకోవాలా, ఇక్కడికొచ్చాక కొనుక్కోవాలా?

విదేశాల్లో చదువుకి అడ్మిట్లు వచ్చి వీసాలు స్టాంప్ అయ్యే సీజన్ మొదలైందంటే చాలు నాకు మెసేజ్‌లు ఆగవు. రూమ్ గురించి ఒకళ్ళు, బ్యాంక్ అకౌంట్ గురించి ఇంకొకళ్ళు, కానీ అందరూ కామన్‌గా అడిగేది మాత్రం ఒకటే, "అన్నా, లాప్‌టాప్ ఏది తీసుకోమంటావ్?" నేను వెంటనే నీ కోర్సేంటి తమ్ముడూ, మొదటి సెమిస్టర్‌లో సబ్జెక్టులేంటి అని ఎదురడుగుతా. అటు నుంచి కాసేపు సైలెన్స్, తర్వాత "అది ఇంకా చూడలేదన్నా, కానీ ఎన్‌విడియా 4060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నది చూసి పెట్టుకున్నా" అంటారు. సరిగ్గా నేను కూడా ఇలాగే వచ్చా కాబట్టి నవ్వడానికి నాకు హక్కు లేదు.

నా సంగతి చెప్తా. మాస్టర్స్‌కి వచ్చేటప్పుడు ఇంట్లో వాళ్ళని బతిమాలి ఒక పెద్ద గేమింగ్ లాప్‌టాప్ కొనిపించుకున్నా, రంగు రంగుల లైట్లు వెలిగే కీబోర్డు, రెండున్నర కిలోల బరువు, దాని ఛార్జరే ఇటుకంత. ఇంజనీరింగ్ పని అంటే ఇలాంటిదే కావాలి నాన్నా అని గట్టిగా చెప్పా, ఆయన నమ్మేశారు పాపం. ఇక్కడ మొదటి వారం క్లాసులో తెరిస్తే గంటన్నరకే బ్యాటరీ అయిపోయింది, ప్లగ్ పాయింటేమో గోడ పక్కన ఉన్న సీట్లకే, దాంతో క్లాసుకి పావుగంట ముందే పరిగెత్తి గోడ పక్క సీటు పట్టుకోవడం నా దినచర్య అయిపోయింది. లైబ్రరీలో కూర్చుంటే ఫ్యాన్ గుర్రుపెట్టేది, చుట్టూ ఉన్నవాళ్ళు తల తిప్పి చూసేవాళ్ళు. రోజూ బస్సు దిగి పది నిమిషాలు నడవాలి, బ్యాగ్‌లో ఆ ఇటుక. ఇంతా చేసి ఆ గ్రాఫిక్స్ కార్డు నేను చదువుకి ఎన్నిసార్లు వాడానో తెలుసా, రెండేళ్ళలో బహుశా మూడు నాలుగు సార్లు.

ఎందుకంటే బరువైన పని నీ లాప్‌టాప్ మీద జరగదు. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. రీసెర్చ్ జరిగే యూనివర్సిటీల్లో చాలావరకు క్లస్టర్ ఉంటుంది, అంటే శక్తివంతమైన కంప్యూటర్లు బోలెడు ఒకచోట కలిపి పెట్టినదన్నమాట, నువ్వు టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే విండో, తెరిచి ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరంగా ఉన్న ఆ కంప్యూటర్లలోకి లాగిన్ అయ్యి జాబ్, అంటే అది చేయాల్సిన పని, సబ్మిట్ చేసి పడుకుంటే పొద్దున్నకి రిజల్ట్ వచ్చేస్తుంది. ఆ టెర్మినల్ తెరవడానికి ఏ లాప్‌టాప్ అయినా చాలు. డేటా సైన్స్, మెషీన్ లెర్నింగ్ అంటే గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి అని అందరూ భయపెడతారు కానీ ఒకసారి లెక్క చూడండి, లాప్‌టాప్‌లో వచ్చే 4050కి ఉన్న మెమరీ 6 జీబీ, 4060కి 8 జీబీ, అదే బ్రౌజర్‌లోంచే గూగుల్ కంప్యూటర్ల మీద కోడ్ నడిపించే గూగుల్ కోలాబ్‌లో ఫ్రీగా దొరికే టీ4 కార్డుకి 16 జీబీ. ఫ్రీగా ఇచ్చేది ఎప్పుడూ ఖాళీగా ఉంటుందని గ్యారంటీ లేదు, అది నిజమే, కానీ కోర్సు అసైన్‌మెంట్లు గడిచిపోతాయి. ఇంకో గమ్మత్తు ఏంటంటే 4060 అని స్టిక్కర్ ఉన్న లాప్‌టాప్‌లన్నీ ఒకటి కాదు, అదే చిప్పుకి ఒక కంపెనీ 35 వాట్లే ఇస్తే ఇంకొకటి 115 వాట్ల దాకా ఇస్తుంది, పల్చటి బాడీలో పెట్టిన 4060 కన్నా లావు బాడీలో ఉన్న 4050 బాగా పరిగెత్తొచ్చు కూడా. షాపువాడు ఇది చెప్పడు, స్పెసిఫికేషన్ షీట్‌లో కింద ఎక్కడో చిన్నక్షరాల్లో వెతుక్కోవాలి.

గేమ్స్ ఆడుకోవడానికే కావాలంటే అది వేరే విషయం, హాయిగా కొనుక్కోండి, కానీ ఇంట్లో మాత్రం చదువు కోసం అని చెప్పకండి.

సరే, మొదట చేయాల్సిన పని, మీ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌కి వెళ్ళి కంప్యూటర్ రిక్వైర్‌మెంట్స్ అని ఉందేమో చూడండి. చాలా డిపార్ట్‌మెంట్లు రాసి పెడతాయి. లేకపోతే ఇప్పటికే అదే కోర్సు చదువుతున్న సీనియర్‌ని పట్టుకోండి, అదే యూనివర్సిటీలో వేరే కోర్సు చేస్తున్న మన బావమరిదిని కాదు. మెకానికల్ వాళ్ళకి సాలిడ్‌వర్క్స్ విండోస్‌లోనే నడుస్తుంది, సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్ళు వాడే రెవిట్ కూడా అంతే, ఆటోక్యాడ్‌కి మాత్రం మ్యాక్ వెర్షన్ ఉంది. వీఎల్ఎస్ఐ, అంటే చిప్ డిజైన్ వైపు వెళ్ళేవాళ్ళకి వివాడో అనే సాఫ్ట్‌వేర్ కావాలి, అది విండోస్, లినక్స్ మీదే. బిజినెస్ అనలిటిక్స్ వాళ్ళు మ్యాక్ మోజులో పడి కొనేస్తారు, తీరా డేటాని చార్టులుగా చూపించే పవర్ బీఐ డెస్క్‌టాప్ ఇన్‌స్టాల్ చేయబోతే మ్యాక్‌కి లేదు, మ్యాక్ ఎక్సెల్‌లో పెద్ద డేటా టేబుళ్ళు కలిపి చూసే పవర్ పివట్ కూడా లేదు. నా రూమ్మేట్ ఒకడు సెమిస్టర్ మొత్తం ఈ ఒక్క సబ్జెక్టు కోసం నా ఇటుక లాప్‌టాప్ అప్పు తీసుకునేవాడు, దాని వల్ల ఎవరికైనా ఉపయోగం జరిగిందంటే వాడికే. ఐఫోన్ యాప్‌లు రాయాలంటే మాత్రం ఎక్స్‌కోడ్ కోసం మ్యాక్ ఉండాల్సిందే, దానికి వేరే దారి లేదు.

మ్యాక్ కొని అందులో విండోస్ వేసుకుంటా అనేవాళ్ళకి ఒక మాట. ఇంటెల్ చిప్పులున్న పాత మ్యాక్‌లలో విండోస్ నేరుగా వేసుకోనిచ్చే బూట్ క్యాంప్ అని ఉండేది, 2020 చివర్లో ఎం1 వచ్చాక ఆ కొత్త చిప్పుల మ్యాక్‌లలో అది లేదు. మ్యాక్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వేసుకుని నడపొచ్చు కానీ అందులో నడిచేది ఆర్మ్ విండోస్, అంటే ఫోన్లలో ఉండే ఆర్మ్ రకం చిప్పుల కోసం చేసిన విండోస్, పెద్ద పెద్ద ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లు అందులో మొరాయిస్తే సపోర్ట్ వాళ్ళు చేతులెత్తేస్తారు. అలాగని మ్యాక్ వద్దనట్లేదు నేను, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్, పబ్లిక్ హెల్త్, ఇలా పైథాన్, ఆర్ తోటే పని అయిపోయేవాళ్ళకి మ్యాక్‌బుక్ ఎయిర్ అంత సుఖం ఇంకోటి లేదు, ఫ్యాన్ కూడా ఉండదు కాబట్టి చప్పుడు ఉండదు, పొద్దున్న తీసుకెళ్తే సాయంత్రం దాకా ఛార్జర్ గుర్తు రాదు. ఇప్పుడు నేను వాడేది అదే.

విండోస్‌లో కూడా ఇప్పుడు ఆర్మ్ చిప్పులవి వస్తున్నాయి, 2024 జూన్‌లో మొదలైన స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలైట్ లాంటివి. బ్యాటరీ చాలా బాగా వస్తుంది, మామూలు వాడకానికి వంక పెట్టలేం. కానీ ల్యాబ్‌లో ఏదో పాత పరికరం కనెక్ట్ చేయాలి, దానికి డ్రైవర్ కావాలి అన్నప్పుడు ఇబ్బంది వస్తుంది, ఇంజనీరింగ్ ల్యాబులు ఉన్నవాళ్ళు ఇంటెల్, ఏఎండీ వైపే ఉండండి.

పరీక్షల సాఫ్ట్‌వేర్ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తా. చాలా కోర్సుల్లో క్విజ్‌లు లాక్‌డౌన్ బ్రౌజర్‌లో రాయాలి, అంటే పరీక్ష అయ్యేదాకా వేరే విండో ఏదీ తెరవనివ్వకుండా పట్టేసుకునే బ్రౌజర్ అన్నమాట. బాగా వాడే రెస్పాండస్ లాంటివి విండోస్, మ్యాక్ మీద నడుస్తాయి, లినక్స్ మీద నడవవు, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌లో పెట్టి మోసం చేద్దామన్నా ఒప్పుకోవు. నా క్లాస్‌మేట్ ఒకడు పరమ లినక్స్ భక్తుడు, విండోస్ మొత్తం తుడిచేసి ఉబుంటు వేసుకున్నాడు, మొదటి క్విజ్ ఇంకో అరగంటలో ఉందనగా విషయం తెలిసి లైబ్రరీకి పరుగు, అదృష్టం కొద్దీ అక్కడ స్టూడెంట్లకి లాప్‌టాప్‌లు అరువిస్తారు. లినక్స్ కావాలంటే విండోస్ ఉంచుకునే, దాని లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వాడుకోండి, కోర్సు పనులకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది.

ఇక స్పెక్స్. ర్యామ్ 16 జీబీ, దీని కింద దిగొద్దు. విండోస్, క్రోమ్‌లో ఓ ఇరవై ట్యాబులు, ఒక జూమ్ కాల్, పక్కన వీఎస్ కోడ్, అంతే, 8 జీబీ నిండిపోయి లాప్‌టాప్ ఈడుస్తుంది. యాపిల్ వాడు కూడా 2024 అక్టోబర్‌లో అప్పటి బేస్ మోడల్ మ్యాక్‌లన్నిటికీ 16 చేసేశాడంటే అర్థం చేసుకోండి. తర్వాత పెంచుకుందాంలే అనుకునే రోజులు చాలావరకు పోయాయి, పల్చటి లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మ్యాక్‌లో అయితే అసలు కుదరదు, కాబట్టి కొన్న రోజు ఉన్నదే చివరిదాకా ఉండేది. స్టోరేజ్ అలా కాదు, విండోస్ లాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీ సాధారణంగా మార్చుకోవచ్చు, 512 తో మొదలెట్టండి. హార్డ్ డిస్క్ ఉన్నది ఎవరైనా అంటగట్టబోతే మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

ప్రాసెసర్ పేర్ల దగ్గర పెద్ద మాయ ఉంది. ఐ5, ఐ7 అని చూసి మురిసిపోకూడదు, వెనకాల ఉన్న నంబర్ చూడాలి. ఐ5-1335యూ అంటే 13 అనేది జనరేషన్, చివర యూ అంటే తక్కువ కరెంటు తాగే రకం, దాని బేస్ 15 వాట్లు, అదే హెచ్ అంటే 45 వాట్ల రకం, వేగం ఎక్కువ, బ్యాటరీ తక్కువ. ఏఎండీలో ఇంకా తమాషా, రైజెన్ 7000 సిరీస్‌లో మూడో అంకె లోపల ఉన్న డిజైన్ ఏ తరానిదో చెప్తుంది. రైజెన్ 5 7520యూ అని కొత్త లాప్‌టాప్ డిస్కౌంట్‌లో కనిపిస్తుంది, మూడో అంకె 2, అంటే లోపల ఉన్నది జెన్ 2, 2019లో వచ్చిన డిజైన్, అదే 7640యూ అయితే జెన్ 4. రెండిటి మీదా రైజెన్ 5 7000 సిరీస్ అనే రాసి ఉంటుంది! పేరు చూసి పెళ్ళి చేసుకోవడం లాంటిదే ఇది.

స్క్రీన్ గురించి ఎక్కువ చెప్పను, ఐపీఎస్ గానీ ఓలెడ్ గానీ అయ్యుండాలి, బ్రైట్‌నెస్ 300 నిట్స్ అయినా ఉండాలి, 250 ఉన్నవి కిటికీ పక్కన అద్దంలా మీ మొహమే చూపిస్తాయి. 1920 బై 1200 ఉన్నది దొరికితే 1080 కన్నా మంచిది, కోడ్ నాలుగు లైన్లు ఎక్కువ కనిపిస్తుంది. బరువు కిలోన్నర లోపు. యూఎస్‌బీ సీ తోటి ఛార్జ్ అయ్యేది అయితే ఇంకేం కావాలి, ఛార్జర్ మర్చిపోయినా పక్కవాడిది అడుక్కోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న, అక్కడా ఇక్కడా. నా ఓటు ఇక్కడికే, వచ్చాక యూనివర్సిటీ ఈమెయిల్ చేతికొచ్చిన తర్వాత, ఎందుకంటే ఆ ఈమెయిల్ ఉంటే స్టూడెంట్ డిస్కౌంట్లు వస్తాయి, వారంటీ మీరు ఉండే దేశంలోనే ఉంటుంది. యాపిల్ లాప్‌టాప్‌ల ఏడాది వారంటీ మామూలుగా దేశం మారినా చెల్లుతుంది, మిగతా కంపెనీల్లో మోడల్‌ని బట్టి ఉంటుంది, ఇంటర్నేషనల్ వారంటీ ఉందా అని నోటిమాట కాదు, కాగితం మీద చూపించమనండి. కానీ జర్మనీ, ఫ్రాన్స్ వెళ్ళేవాళ్ళకి నా సలహా తిరగబడుతుంది. జర్మనీలో షాపులో దొరికేవి క్వర్ట్‌జ్ కీబోర్డులు, వై, జెడ్ తారుమారుగా ఉంటాయి, ఫ్రాన్స్‌లో అజర్టీ, అక్కడ అంకెలు కొట్టాలన్నా షిఫ్ట్ నొక్కాలి. కోడ్ రాసేటప్పుడు బ్రాకెట్లు వెతుక్కోలేక పిచ్చెక్కుతుంది, అలవాటైన కీబోర్డుతో ఇండియా నుంచే తెచ్చుకోవడం మంచిది.

తెచ్చుకునేవాళ్ళు వోల్టేజ్ గురించి కంగారు పడొద్దు. ఛార్జర్ మీద చూడండి, ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్లు, కన్వర్టర్లు మోసుకురానక్కర్లేదు. అడాప్టర్ కూడా ఎందుకు, చాలా ఛార్జర్లలో గోడకి పెట్టే వైరు విడిగా ఊడుతుంది కదా, ఆ వైరొక్కటి ఇక్కడ పిన్నుతో ఉన్నది కొనుక్కుంటే చాలు. విమానంలో లాప్‌టాప్ చేతి సామానులోనే పెట్టుకోండి, పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు అయితే చెకిన్‌లో అసలు పెట్టకూడదు. 100 వాట్ అవర్ల లోపు బ్యాటరీలకి విడిగా పర్మిషన్ అక్కర్లేదు, లాప్‌టాప్‌లు అన్నీ దాదాపు ఆ లోపే తయారు చేస్తారు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ఒక్కటి మాత్రం తప్పకుండా చూసుకోండి. మా జూనియర్ ఒకమ్మాయి ఎవరి దగ్గరో వాడిన మ్యాక్ చవగ్గా కొనుక్కుంది, రెండు వారాలు బానే నడిచింది, ఒకరోజు రీసెట్ చేస్తే ఇది ఫలానా కంపెనీ ఆస్తి, రిమోట్ మేనేజ్‌మెంట్‌లో ఉంది అని స్క్రీన్ వచ్చి కూర్చుంది. ఉద్యోగం మానేసినవాడు ఆఫీసు లాప్‌టాప్ అమ్మేశాడన్నమాట. అమ్మినవాడి నంబర్ పనిచేయలేదు, డబ్బులు పోయినట్టే. కాబట్టి డబ్బులు ఇవ్వకముందే మీ ఎదురుగా మొత్తం ఎరేజ్ చేయించి, వైఫైకి కలిపి, కొత్తగా సెటప్ అయ్యేదాకా కూర్చోండి. విండోస్‌ది అయితే విండోస్ 11 అధికారికంగా తీసుకుంటుందో లేదో చూడండి, ఇంటెల్ 8వ జనరేషన్ కన్నా పాతవి తీసుకోవు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కంపెనీయే రిపేర్ చేసి వారంటీతో అమ్మే రీఫర్బిష్డ్‌వి దొరికితే అవి నిశ్చింత.

కొనేటప్పుడు ఆఫీస్, యాంటీవైరస్ అని బిల్లులో కలపబోతారు, వద్దనండి. ఆఫీస్ చాలా యూనివర్సిటీలు ఫ్రీగా ఇస్తాయి, మ్యాట్‌ల్యాబ్ క్యాంపస్ లైసెన్స్ చాలాచోట్ల ఉంటుంది, ఆటోక్యాడ్, రెవిట్ తయారు చేసే ఆటోడెస్క్‌వి, కోడింగ్ టూల్స్ చేసే జెట్‌బ్రెయిన్స్‌వి స్టూడెంట్లకి ఉచితం, విండోస్‌లో ఉన్న డిఫెండర్ సరిపోతుంది. మన దగ్గర షాపులో ఫ్రీగా వేసిచ్చే క్రాక్ సాఫ్ట్‌వేర్లు ఉంటే విమానం ఎక్కే ముందే తీసేయండి, వాటితో పాటు వైరస్‌లు కూడా దిగుతాయి.

కొన్న తర్వాత డబ్బా పారేయకండి, రిటర్న్ గడువు అయ్యేదాకా మంచం కింద పెట్టండి. ఆ గడువులోనే క్లాసుకి తీసుకెళ్ళి బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూడండి, తెల్ల స్క్రీన్ పెట్టి చచ్చిన పిక్సెల్స్ ఉన్నాయేమో చూడండి, అన్ని పోర్టుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి, పరీక్ష బ్రౌజర్ ఒకసారి ఇన్‌స్టాల్ చేసి డెమో క్విజ్ రాయండి, కెమెరా, మైక్ పనిచేస్తున్నాయో ఇంటికి వీడియో కాల్ చేసి చూడండి, ఎలాగూ అమ్మ కొత్త లాప్‌టాప్ చూపించమని అడుగుతూనే ఉంటుంది.